గూడు జారిన కూన

చైత్ర వైశాఖములలో మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో కొన్ని సాయంకాలములు ఈదురుగాలి లేచును. పగలంతయు కాగిన బండరాళ్ల మీదుగా ఆ గాలి దుమ్ము రేపుకొనివచ్చి, చింతమానులను ఊపి, మామిడిపిందెలను రాల్చి, నాలుగు చినుకులు చల్లి వెడలిపోవును. మరునాటి ఉదయము పిల్లలు పిందెలు ఏరుకొనుటకు పరుగెత్తుదురు. ఆ పిందెల నడుమ ఒక్కొక్కప్పుడు వారికి ప్రాణమున్నది ఒకటి దొరకును. వారిలో ఒక బాలుడు దానిని చొక్కాజేబులో పెట్టుకొని బడికి వచ్చును.

“చెట్టుకింద పడుండాది సార్” అని అతడు అరచేయి విప్పి చూపును. అరచేతిలో ఒక పక్షికూన. కన్నులు విడలేదు, ఒంటిమీద ఈక లేదు, మెడ నిలుపలేదు. అయినను అలికిడి వినబడినంతనే తల ఎత్తి, పసుపుపచ్చని నోరు దేహమంత వెడల్పుగా తెరచును. తరగతి అంతయు చుట్టు మూగును. అందరి చూపులును ఉపాధ్యాయుని ముఖము మీదనే ఉండును.

ఆ క్షణమున ఉపాధ్యాయుడు చెప్పు మాట చిన్నది కాదు. సాధారణముగా వినబడు సమాధానములు రెండు. “దానిని అవతల పారవేసి, చేతులు కడుగుకొని వచ్చి కూర్చో” అనునది మొదటిది. “పాపము, ఇంటికి తీసుకొనిపోయి పాలుపోసి పెంచుకో” అనునది రెండవది. మొదటి మాట బాలుని హృదయమును గాయపరచును. రెండవ మాట కూనను చంపును. మొదటిది కఠినమనియు, రెండవది దయగలదనియు లోకము తలచును గాని, కూనకు మాత్రము రెండింటి ఫలమును ఒక్కటే.

చెప్పదగిన మూడవ మాట ఒకటి కలదు. “ఎక్కడ దొరికినదో చూపించు, పద.”

దయకు తోడుగా తెలివి ఉండవలెనన్న మాట ఈ చిన్న విషయమున తేటపడినంతగా మరెక్కడను తేటపడదు. పాలసంగతినే చూడుడు. పుంగనూరు పేరు చెప్పగానే ఎవరికైనను తలపునకు వచ్చునవి అక్కడి పొట్టి ఆవులు. వెన్న మెండుగా గల వాటి పాలు. పాలు పట్టుట పసిప్రాణమును నిలుపుటయే అని ఆ సీమలోని బిడ్డకు ఉగ్గుగిన్నెతోనే అలవడిన నమ్మకము. దూడకును, బిడ్డకును అది సత్యమే. కాని పక్షి పాలిచ్చు జాతి కాదు. పాలలోని చక్కెరను జీర్ణించుకొను శక్తి దాని కడుపునకు లేదు. పాలలో నానిన రొట్టెముక్క, చిదిమిన అన్నపుమెతుకు, చెంచాతో పోసిన నీరు - ప్రేమతో పెట్టిన ఈ మూడును కూనకు ముప్పు తెచ్చునవే. నీటి విషయమున ప్రమాదము మరింత దగ్గరిది. పక్షికి ఊపిరి పోవు రంధ్రము నాలుక మొదట, నోటిలోనే తెరచుకొని ఉండును. పైనుండి పోసిన చుక్క అందులోనికి జారి ఊపిరితిత్తులకు చేరును. దాహము తీర్చితినని బాలుడు సంతోషించు సమయముననే కూన ఉక్కిరిబిక్కిరియగును. తల్లిపక్షి పిల్లకు నీటిని వేరుగా తాపదు. మేతలోని తడియే దానికి చాలును.

నేలమీద కనబడిన ప్రతి కూనయు ఆపదలో ఉన్నది కాదు. ఇది మొట్టమొదట నేర్వవలసిన పాఠము. అట్టి కూనలు రెండు విధములు. ఈకలు రాక, కన్నులు విడక, కాళ్లమీద నిలువలేనిది మొదటిది. అది నిజముగా గూటినుండి జారిపడినదే. దానికి సహాయము కావలెను. ఒడలినిండ ఈకలు వచ్చి, తోక మాత్రము పొట్టిగా ఉండి, గంతులు వేయుచు, కొమ్మనైనను వేలినైనను పట్టుకొని నిలువగలది రెండవది. అది జారిపడినది కాదు, ఎగురుట నేర్చుకొనుటకు దిగివచ్చినది. పిగిలిపిట్ట పిల్లలు పుట్టిన రెండు వారములలోపుననే, రెక్కలకు పూర్తిగా బలము చేరకముందే గూడు విడుచును. ఆపైన కొన్ని దినములు పొదల మాటునను, నేలమీదను తిరుగుచుండగా తల్లియు తండ్రియు వెదకివచ్చి మేత పెట్టుచుండును. ఇట్టి పిల్లను జాలిపడి ఎత్తుకొనిపోవుట, బడికి పోవుచున్న బిడ్డను వీధిలో ఒంటరిగా చూచి అనాథ అని తలచి తీసుకొనిపోవుట వంటిది.

ఒక్క బడి ఆవరణము నుండియు కుప్పము అడవి అంచువరకు చూపు సారించినచో ఈ మాట మరింత స్పష్టమగును. 1980 దశకమున పొరుగు రాష్ట్రముల అడవులనుండి ఏనుగులు కుప్పము, పలమనేరు ప్రాంతములకు వచ్చినవి. వాటి ఉనికి కారణముగా 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. ఆ అడవి అంచున గున్న ఏనుగు ఒంటరిగా కనబడినచో, “అయ్యో, తల్లి లేనిది” అని దగ్గరకు పోవు సాహసికుడు ఎవడును ఉండడు. తల్లి ఆ పొదల వెనుకనే ఉన్నదని అందరికిని తెలియును. పిగిలిపిట్ట తల్లియు ఆ పొదల వెనుకనే ఉన్నది. అయితే అది తొండమెత్తి తరుమలేదు. తల్లి పెద్దదైనచో ఉన్నదని నమ్మి, చిన్నదైనచో లేదని తీర్మానించుట మానవునికి అలవాటైపోయినది. కొమ్మమీద అది చేయు గోలను ఆలకించు ఓపిక ఉన్నవానికి తల్లి ఉన్నదో లేదో వెంటనే తెలియును.

“మనిషి చేయి తగిలిన కూనను తల్లి వెలివేయును” అను మాట ఇంటింట వినబడును. పెద్దలు పిల్లలను గూళ్ల జోలికి పోనీయకుండుటకు ఈ మాట ఉపకరించినదేమో గాని, ఇది నిజము కాదు. పక్షులు చాలవరకు తమ పిల్లలను వాసనచేత గుర్తించవు. కూతచేతను, గూడున్న తావుచేతను గుర్తించును. కాకిపిల్ల కాకికి ముద్దు అన్న సామెత ఇందుకు సాక్ష్యము. ఆ సామెతను మించిన సాక్ష్యము కోకిల. తన గూటిలో కోకిల పెట్టిపోయిన గ్రుడ్డును పొదిగి, పుట్టిన పరాయిపిల్లకు రోజంతయు మేత మోసి పెంచునది కాకి. అంతటి మాతృత్వము మనిషి వ్రేలు తాకినదన్న కారణమున తన బిడ్డను త్రోసిపుచ్చునా? గ్రుడ్లు పొదుగుచున్న దినములలో పదేపదే గూటిలోనికి తొంగిచూచినచో కొన్ని పక్షులు బెదరి గూడు విడుచుట కలదు. ఆ జాగ్రత్త వేరు. జారిపడిన కూనను చేతితో ఎత్తి గూటిలో పెట్టుట వేరు.

కావున బాలునితో కలసి ఆ చెట్టు క్రిందికి పోవలెను. గూడు కనబడి, చేతికి అందునదైనచో కూనను అందులో పెట్టుట ఒక్కటే కర్తవ్యము. గూడు అందనిచోటనో, గాలికి చెదరిపోయియో ఉన్నచో ఒక చిన్న వెదురుబుట్టలో ఎండుగడ్డి పరచి, అడుగున నీరు నిలువకుండ చూచి, ఎండయు వానయు పడని కొమ్మకు పాతగూటి సమీపమున కట్టి అందులో ఉంచవలెను. తరువాత చేయవలసినది అన్నింటికంటె కష్టమైనది. దూరముగా పోయి, గోడచాటున కదలక మెదలక ఒకటి రెండు గంటలు వేచియుండవలెను. తరగతిలో పది నిమిషములు నిశ్శబ్దముగా కూర్చుండలేని పిల్లలు ఇక్కడ ఊపిరి బిగబట్టి కూర్చుందురు. పురుగును ముక్కున కరచుకొని తల్లి కొమ్మమీద వాలి, అటు చూచి, ఇటు చూచి, బుట్ట అంచున దిగిన క్షణమున వారి ముఖములలో కనబడు వెలుగు ఏ పరీక్షా ఫలితము నాడును కనబడదు.

ఇంటికి తీసుకొనిపోక తప్పని సందర్భములు లేకపోలేదు. చెట్టునే నరికివేసినప్పుడు, తల్లిదండ్రులు రెండును చనిపోయినట్లు కనబడినప్పుడు, పిల్లి నోటినుండి విడిపించినప్పుడు, రెక్క విరిగినప్పుడు చేతులు కట్టుకొని నిలుచుండుట ధర్మము కాదు. పిల్లి పంటిగాటు పైకి కనబడకపోయినను లోపల చీము పట్టించును గనుక అట్టి కూనను నాడే పశువైద్యునికి చూపవలెను. మిగిలినవాటి విషయమున తొలి అవసరము మేత కాదు, వెచ్చదనము. ఈకలు లేని కూన తన ఒడలి వేడిని తాను కాపాడుకొనలేదు. చల్లబడిన కూనకు మేత అరుగదు. గాలి ఆడు రంధ్రములు గల అట్టపెట్టెలో మెత్తని గుడ్డ పరచి, గోరువెచ్చని నీటిసీసాను మరొక గుడ్డలో చుట్టి ప్రక్కన ఉంచి, చీకటియు నిశ్శబ్దమును ఉన్న మూలలో పెట్టవలెను. పదిమంది చేతులు మారి ముద్దులాడించుకొను బొమ్మ కాదది. మనిషి ముఖము దానికి వేటజంతువు ముఖమే. ఆ భయము ఒక్కటే దానిని చంపగలదు. దానిని తాకిన చేతులను సబ్బుతో కడుగుకొనుటయు అవసరము.

చట్టము చెప్పు మాటయు ఇందుకు అనుగుణముగనే ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము రక్షణపొందిన వన్యప్రాణి ఏదైనను చేజిక్కినచో నలుబదియెనిమిది గంటలలోపున సమీప పోలీసు ఠాణాకుగాని, అధికారమున్న అటవీశాఖవారికిగాని తెలియజేయవలెను. ఆ గడువులోని భావము గ్రహింపదగినది. కూనకు మనిషి ఇల్లు సత్రము మాత్రమే, నివాసము కారాదు.

ఎందుకు కారాదని అడుగువారు ఆ తల్లి దినచర్యను ఒక్కనాడు గమనింపవలెను. తెల్లవారినది మొదలు చీకటిపడువరకు, చిన్నపక్షుల తల్లిదండ్రులు గంటకు ఎన్నోమారులు మేత తెచ్చును. గింజలు తిను పిచ్చుక సైతము తన పిల్లలకు మొదటి దినములలో గింజ పెట్టదు. మెత్తని పురుగులను ఏరి తెచ్చును. గువ్వ, పావురము తమ కంఠపుసంచిలో ఊరు గుజ్జువంటి ద్రవమును పట్టును. వాటి పిల్లలు నోరు తెరచి అడుగవు, తల్లి నోటిలో ముక్కు దూర్చి త్రాగును. ఏ కూనకు ఏది, ఎంత, ఎన్నిమారులు అను లెక్క ఆ తల్లికి ఎవరును చెప్పలేదు. బడికి పోవు బాలుడుగాని, పనికి పోవు తల్లిదండ్రులుగాని ఆ కొలువు ఎన్నాళ్లు చేయగలరు? మొదటినాడు పదిమారులు, రెండవనాడు నాలుగుమారులు, మూడవనాడు పరీక్ష. చాల ఇండ్లలో ఈ కథ ముగియుచున్నది ఇక్కడనే.

ఒకవేళ కూన బ్రతికినను కథ సుఖాంతమని చెప్పజాలము. పక్షులకును ఒక బడి కలదు. 1950 దశకమున కేంబ్రిడ్జిలో థార్పు అను శాస్త్రజ్ఞుడు ఒకజాతి పిట్టల పిల్లలను తమవారి కూత వినబడకుండ పెంచెను. అవి పెరిగి పాడినవి గాని, ఆ పాట తమ జాతి పాట కాలేదు. గ్రుడ్డునుండి వెలువడగానే మొదట కనబడినది మనిషియైనచో బాతుపిల్లలు ఆ మనిషినే తల్లియని వెంబడించుటను అంతకుముందే లోరెంజు నిరూపించెను. పిల్లిని చూచి పారిపోవుట, డేగనీడ పడగానే అణగియుండుట, మేత వెదకుట - ఇవన్నియు పెద్దపక్షుల వెంట తిరిగి పిల్లలు పదునుపెట్టుకొను విద్యలు. ఇంట పెరిగినది పిల్లిని చూచి పారిపోదు; దాని ఎదుటనే వాలును. మనిషి దానికి కడుపునిండ మేత పెట్టగలడు గాని, ఆ చదువు చెప్పలేడు.

ఇక రక్షణ అను పేర జరుగు బంధనము మరొకటి. 2018లో రామచిలుక ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షి అయినది. చెట్టుతొర్రలో చేయిపెట్టి తీసిన చిలుకపిల్లను “క్రిందపడి దొరికినది” అని చెప్పి, రెక్కలు కత్తిరించి పంజరమున ఉంచువారు మాత్రము నేటికిని కలరు. చట్టము దానిని నేరమనుచున్నది. చట్టముకంటె ముందు మనస్సు అనవలెను. చిలుకకు చదువు చెప్పబూని దాని ప్రాణము తీసిన రాజాస్థానమును గూర్చి రవీంద్రనాథ ఠాకూరు ఒక కథ వ్రాసెను. ఆ రవీంద్రుడే 1919లో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి, జనగణమన గీతమును అక్కడ ఆంగ్లీకరించెను. జాతీయగీతముతో తమ ఊరికి గల ఆ సంబంధమును మదనపల్లెవారు గర్వముగా తలంచుకొందురు. ఆ చిలుక కథను గూడ అక్కడి బడులు తలంచుకొనుట ఉచితము.

“బలహీనమైనది రాలిపోవుట ప్రకృతిధర్మము; మధ్య మనిషి ప్రమేయమెందుకు?” అని వాదించువారు ఉన్నారు. ఆ వాదములో సత్యము లేకపోలేదు. కాని మనిషి ప్రమేయము కూన రాలినప్పుడు మొదలైనది కాదు. రోడ్డు వెడల్పుకొరకు చింతమాను కూల్చినవాడు మనిషి. పెంకుటింటి చూరును తీసివేసి, పిచ్చుకకు సందులేని గోడ కట్టినవాడు మనిషి. పిల్లిని పెంచి ఆరుబయట వదలినవాడు మనిషి. అప్పు చేసినవాడు, తీర్చుట ప్రకృతి పని అనరాదు.

“తాకవద్దు, పెంచవద్దు అని నిషేధములే చెప్పినచో పిల్లల మనస్సు మొద్దుబారును” అనునది రెండవ ఆక్షేపణ. ఇది మరింత బరువైనది. ఆ భయము నిజమే. కావుననే పిల్లలకు “వద్దు” అని చెప్పి ఊరకుండరాదు, చేయదగినది చూపవలెను. సలీం ఆలీ బాల్యమున తన తుపాకిగుండుకు రాలిన పిచ్చుకవంటి పక్షి కంఠమున పచ్చనిమచ్చ చూచి, అదేమి పక్షియో తెలిసికొనగోరి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పోయెను. ఆ సంఘ కార్యదర్శి మిలార్డు పిల్లవానిని కసరి పంపలేదు. పక్షి పేరు చెప్పి, అక్కడ భద్రపరచిన పక్షుల అరలన్నియు తెరచి చూపెను. ఆ మధ్యాహ్నము నుండి దేశమునకు ఒక పక్షిశాస్త్రజ్ఞుడు లభించెను. 1985లో వెలువడిన తన ఆత్మకథకు ఆయన “పిచ్చుక పతనము” అను అర్థము వచ్చునట్లు పేరు పెట్టెను. అరచేతిలో కూనతో నిలచిన ప్రతి బాలుని ఎదుటను ఉపాధ్యాయుడు ఒక మిలార్డు కాగలడు.

ఒక్కొక్క కూనను ఎత్తుటకంటె పెద్దపని ఎట్లుండునో చూడగోరువారు దూరము పోనక్కరలేదు. మదనపల్లె సమీపమున 1926లో ఏర్పడిన ఋషివ్యాలీ పాఠశాల ఉన్న లోయ ఒకప్పుడు బోడికొండల నడుమ ఎండిన నేల. దశాబ్దముల తరబడి అక్కడ చెట్లు నాటి, వాననీటిని నిలిపి, పశువుల మేతను అదుపుచేసినందున కొండలు పచ్చబడినవి. పక్షులు తమంతట తామే వచ్చినవి. 1991లో ఆ లోయ పక్షిరక్షిత స్థలమైనది. రెండువందలకు మించిన జాతుల పక్షులు అక్కడ కనబడినవి. దక్షిణభారతపు రాతికొండలలో తప్ప మరెక్కడను కానరాని పచ్చకంఠపు పిగిలిపిట్టయు వాటిలో ఒకటి. అక్కడ ఎవరును ఆ పక్షులను అట్టపెట్టెలలో పెంచలేదు. చెట్టును పెంచిరి, మిగిలినది తల్లులు చూచుకొన్నవి.

దయకు అందము కొలబద్ద కారాదన్నదియు పిల్లలకు చెప్పవలసిన మాటయే. చిలుకపిల్ల పడినచో పదిమంది పోటీపడుదురు. గుడ్లగూబపిల్ల పడినచో అపశకునమని రాళ్లు రువ్వుదురు. పంటను నాశనము చేయు ఎలుకలను తిని రైతునకు మేలు చేయునది గుడ్లగూబయే. బడిలో విజ్ఞానశాస్త్రము బోధించు గురువు ఆ ఒక్క రాయిని ఆపగలిగినచో ఆ ఏటి పాఠము సార్థకమైనట్లే.

చివరకు, ఎంత జాగ్రత్త వహించినను కొన్ని కూనలు చనిపోవును. ఆ మాట పిల్లలకు ముందే చెప్పవలెను; దాచుట వారికి మేలు కాదు. అడవిలో పుట్టిన పిల్లలలోను ఏడాది నిండువరకు నిలుచునవి తక్కువే. చనిపోయిన కూనను బడితోట మూలన పూడ్చి, ఆ చోట ఒక వేపమొక్కనో, గానుగమొక్కనో నాటిన బాలుడు దుఃఖము నుండి పారిపోలేదు, దానికొక పని చెప్పినాడు. మరికొన్ని ఏండ్లకు ఆ కొమ్మలలో మరొక గూడు వెలయును.

మేనక విడిచిపోయిన పసిబిడ్డను వనమున శకుంతములు, అనగా పక్షులు, చుట్టు కాచియుండినందుననే ఆమె శకుంతల అయినదని భారతము చెప్పుచున్నది. ఆ పక్షులు బిడ్డను తమ గూటికి ఎత్తుకొనిపోలేదు. దానికి తమ మేత పెట్టలేదు. తగినవాడు వచ్చువరకు క్రూరమృగము దరిచేరకుండ కాచినవి. కణ్వుడు రాగానే అప్పగించినవి. గూడు జారిన కూనకు మనిషి చేయవలసినదియు అంతే. పిల్లిని తరిమి, కూనను బుట్టలోనికి చేర్చి, గోడచాటున కూర్చున్న ఆ బాలుడు తల్లి వచ్చినంతనే లేచి, చప్పుడు చేయక తరగతికి పోవలెను.